గ్రంథాలయ వారోత్సవాల్లో లావు గురించి సభ పెట్టవచ్చా?

పాఠకురాలు, ఒంగోలు:
నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రాన్ని మా మహిళా పాఠకుల బృందానికి ఇమ్మని మా పేట శాఖా గ్రంథాలయంలో అడిగాము. లావుగా ఉన్నవాళ్లు, మరీ బక్కగా ఉన్నవాళ్లు, పొట్టివాళ్లు తమ ఒంటి గురించి తాము రాసుకున్న ఒక పేజీని నలుగురి ముందు చదువుతారు. దానికి ‘అన్ని ఒళ్ల ఉత్సవం’ అని పేరు పెట్టాము. ఊబకాయాన్ని పొగిడే సభకు గ్రంథాలయమే దొరికిందా అని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

ఈ ఆలోచనకు మూలం ఒక కుర్చీ. మా పఠన మందిరంలో ఉన్నవన్నీ చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె బడి వదలగానే వచ్చి పిల్లల పత్రికలు చదువుకునేది. ఒకరోజు ఆమె లేవబోతే కుర్చీ కూడా ఆమెతోపాటే లేచింది. అందరూ నవ్వారు. పేపరు చదువుతున్న ఒక పెద్దాయన “రాత్రిపూట అన్నం మానెయ్యి తల్లీ, కుర్చీలన్నా మిగులుతాయి” అన్నాడు. మంచికే చెప్పానని ఆయన ఇప్పటికీ అంటాడు. తరువాత కొన్నాళ్లు ఆ అమ్మాయి బీరువా పక్కన నిలబడే చదివి, చివరకు రావడమే మానేసింది. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున మన దగ్గర గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. వాళ్ల నాన్న కూడా అది కడుతున్నాడు.

స్టాఫ్ నర్సు, నెల్లూరు:
ఆ పాప సంగతి చదివితే మనసుకు కష్టంగా ఉందక్కా. అయినా ఉత్సవం అనే మాటను నేను ఒప్పుకోలేను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం అధిక బరువుతో ఉన్నారు. దేశం మొత్తం మీద చూస్తే మహిళల్లో అది 24 శాతం. పైగా మనవాళ్లకు కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది కాబట్టి, నడుము కొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటగానే జాగ్రత్త పడమంటారు. నేను రోజూ షుగరు పుళ్లకు కట్లు కడతాను. “మా ఇంట్లో అందరం ఇంతేలేమ్మా” అంటూ ఏళ్లు గడిపి, బొటనవేలు నల్లబడ్డాక వచ్చేవాళ్లను చూస్తుంటాను. మీరు మైకు పెట్టి చప్పట్లు కొడితే ఆ మాటకే బలం ఇచ్చినట్టు కాదా?

డిగ్రీ విద్యార్థిని, కావలి:
సిస్టరుగారూ, నా బరువు 94 కిలోలు. చెవిపోటుతో ఒక ఆసుపత్రికి వెళితే, చెవిలోకి చూడకముందే బరువు తగ్గి రమ్మన్నారు. ఆ తరువాత రెండేళ్లు జ్వరం వచ్చినా నేను డాక్టరు గడప తొక్కలేదు. ఆలస్యంగా వచ్చారని మీరు బాధపడుతున్న వాళ్లలో నాలాగా సిగ్గుతో ఆగిపోయినవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి అడిగి చూడండి. ఎత్తునూ బరువునూ బట్టి మనిషిని లెక్కకట్టే సూత్రాన్ని 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త కెత్లే జనసమూహాల సగటు తెలుసుకోవడానికి తయారు చేశాడు. దానికి బీఎంఐ అనే పేరు 1972లో వచ్చింది. ఆ అంకె ఒక్కటీ చూసి నా అలవాట్లన్నీ తెలిసినట్టు మాట్లాడితే ఎలా?

అమెరికాలో లావుగా ఉన్నవాళ్ల హక్కుల సంఘం 1969లోనే మొదలైంది. ఎత్తు, బరువు చూసి ఉద్యోగం నిరాకరించకూడదని మిషిగన్ రాష్ట్రం 1976లో చట్టం చేసింది, న్యూయార్క్ నగరం 2023లో చేసింది. అక్కడివాళ్లు పోరాడింది ఉద్యోగం కోసం, అద్దె ఇంటి కోసం. ఇక్కడ మేము అడుగుతున్నది కూర్చునే చోటు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, కందుకూరు:
పేరు విషయంలో నాకూ పట్టింపు ఉంది. ఊబకాయం అన్న మాటలోనే రోగం వినబడుతుంది. స్థూలకాయం డాక్టరు చీటీలో మాట. బొద్దు అనేది చంటిపిల్లలకు చెల్లుతుంది గాని నలభై ఏళ్ల మనిషికి చెల్లదు. లావు అనే మాటను మాత్రం వదులుకోకండి. పాత తెలుగులో లావంటే బలం. పోతన గజేంద్రుడు ‘లావొక్కింతయు లేదు’ అని మొరపెట్టుకున్నది ఒళ్లు తగ్గిపోయిందని కాదు, సత్తువ ఉడిగిపోయిందని. బలాన్ని చెప్పిన మాట తిట్టుగా ఎప్పుడు మారిందో పిల్లల చేత ఆలోచింపజేస్తే అదే మంచి సభ అవుతుంది.

ఇంకొకటి చెప్పాలి. మన నెల్లూరు జిల్లా రమణారెడ్డి బక్కతనాన్నీ, రేలంగి లావునూ చూసి మా తరం హాయిగా నవ్వుకుంది. వాళ్లు ఆ నవ్వును కోరి తెచ్చుకున్న నటులు. ఆ పేర్లనే బడిలో పిల్లలకు తగిలించి హాజరు పిలిచిన మాస్టర్లలో నేనూ ఒకణ్ణి. ఆ పిల్లలు ఏమీ కోరలేదు. అది తప్పని నాకు తెలిసేసరికి పదవీ విరమణ దగ్గరపడింది.

రైతు, కనిగిరి దగ్గర పల్లె:
మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. మా అమ్మకు యాభై దాటకముందే నడుము వంగి, నేల చూస్తూ నడిచేది. ఆ వంపును ఉత్సవం చేస్తామంటే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే అది నీళ్లు చేసిన అన్యాయం. అయితే పెళ్లి ఫోటోలలో ఆమెను వెనక వరుసలోకి జరిపినప్పుడు వచ్చిన కోపం కూడా తక్కువది కాదు. ఆ రోగాన్ని ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు గాని, మా అమ్మను మాత్రం ముందు వరుసలో కూర్చోబెట్టి ఉండవలసింది. ఆమెకు చదువు వచ్చు. ఎత్తు బల్ల మీద పుస్తకం పెడితే మెడ ఎత్తలేక పోయేది, నేల మీద వ్యాసపీఠం ఉంటే గంటలకొద్దీ చదివేది. మీ సభలో అలాంటివి నాలుగైనా పెట్టించండి.

స్టాఫ్ నర్సు, నెల్లూరు:
రైతన్న చెప్పినట్టయితే నేను వస్తాను. డాక్టరు అక్కర్లేదు, మందులు మానేయండి అని మైకులో ఎవరూ అనకూడదు, అది నా షరతు. ఆ వారంలోనే మరో రోజు అదే గదిలో షుగరు పరీక్ష పెట్టాలని కూడా అడుగుతున్నాను.

డిగ్రీ విద్యార్థిని, కావలి:
మీ షరతుకు ఒప్పుకుంటాను. పరీక్ష మాత్రం వేరే గదిలో పెట్టండి. తూకం మిషను కనబడని గది ఒక్కటన్నా మాకు మిగలాలి. ఈ విషయంలో నేను తగ్గను.

పాఠకురాలు, ఒంగోలు:
ఉత్సవం అన్న మాట తీసేసి, ‘లావు, బక్క, వంపు: మేము రాసుకున్న పేజీలు’ అని పేరు మార్చాము. పరీక్ష ఏ గదిలో పెట్టాలన్నది ఇంకా తేలలేదు. చేతులు లేని కుర్చీలు పది, బెంచీలు రెండు, వ్యాసపీఠాలు నాలుగు కావాలని మాస్టారు రాసి పంపిన అర్జీని నిన్న గ్రంథాలయాధికారికి ఇచ్చాము. అటునుంచి అటే కొత్త పత్రిక తీసుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాను. పత్రిక వాళ్లమ్మే అందుకుంది. నేను మెట్లు దిగుతుంటే ఆ అమ్మాయి కిటికీలోంచి “కుర్చీలు మార్చారా అక్కా?” అని అడిగింది. ఇంకా లేదని చెప్పాను.