లివర్ బయాప్సీ ముక్క చాల్లేదట, మళ్ళీ సూది గుచ్చాల్సిందేనా?

కొత్తపేట కుర్రాడు, గుంటూరు:
నాన్నకి 58. ఏడాదిగా లివర్ ఎంజైములు దిగట్లేదని పోయిన వారం బయాప్సీ చేశారు. రిపోర్టులో 'ముక్క 0.8 సెం.మీ., పోర్టల్ ట్రాక్టులు 4, ఫైబ్రోసిస్ దశ చెప్పడానికి చాలదు' అని రాశారు. అంత పెద్ద లివర్లో చాలినంత ముక్క దొరకలేదా? మళ్ళీ అంటే అమ్మ ఒప్పుకోవట్లేదు.

మైక్రోటోమ్ బాబాయ్, విజయవాడ:
హిస్టోపాథాలజీ (ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించే) ల్యాబులో టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాను. కోప్పడకు బాబూ, రిపోర్టు రాసినాయన ఉన్నమాట రాశారు. మంచి ముక్క వచ్చినా అది మొత్తం లివర్లో సుమారు 50 వేలో వంతే. ఫైబ్రోసిస్, అంటే లివర్లో కట్టే మచ్చ, అన్నిచోట్లా ఒకేలా ఉండదు. అందుకే 2 సెం.మీ.కి తగ్గని పొడవు, 11 పోర్టల్ ట్రాక్టులైనా (రక్తనాళాలు, పిత్తనాళం కలిసి వెళ్ళే చోట్లు) ఉంటేగానీ దశ ధైర్యంగా చెప్పరు. పొట్టి ముక్కలో జబ్బు ఉన్నదానికన్నా తక్కువగా కనబడుతుంది, అదీ ప్రమాదం.

అయితే ఆ ముక్క ఉన్న మైనం బ్లాకు ల్యాబులోనే ఉంటుంది. అందులో కణజాలం మిగిలి ఉంటే ఇంకొన్ని లెవెల్స్ (ఇంకా లోపలి పల్చటి పొరలు) కోసి, మచ్చ కనబడ్డానికి మాసన్ ట్రైక్రోమ్, కణజాలం అల్లిక కనబడ్డానికి రెటిక్యులిన్, ఇనుముకి పెర్ల్స్ రంగులు వేయించొచ్చు. దాంతో జబ్బేమిటో తేలొచ్చు. లేని పొడవు మాత్రం రాదు, దశ సంగతి అక్కడే ఉంటుంది. బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకి చూపించు. ఈ ఎండల్లో కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకు. మైనం 60 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది.

కొత్తపేట కుర్రాడు:
ముక్కని సెలైన్లో వేసిచ్చారండీ. రెండు గంటలు బండి మీద తిప్పాను.

మైక్రోటోమ్ బాబాయ్:
అయ్యో. కల్చర్‌కైతే సెలైన్ సరే, సూక్ష్మదర్శిని కింద చూడ్డానికి వెంటనే కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్లో వేయాలి. పొడవు తగ్గింది దానివల్ల కాదులే, కణాల వివరం కొంత చెడి ఉండొచ్చు. ఈసారి సీసాలో ఏముందో అడిగి తీసుకో.

మంగళగిరి అక్క:
నాకు రెండుసార్లు అయింది తమ్ముడూ. గుచ్చేటప్పటికంటే తర్వాత కుడిపక్కకి తిరిగి కదలకుండా పడుకోవడమే విసుగు. ముందు మీ డాక్టరు గారిని అడుగు, ఆయనకి కావాల్సింది దశా, జబ్బు పేరా అని. దశ ఒక్కటే అయితే, సూది లేకుండా లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌తో పని జరగొచ్చు. రెండో సూదే తప్పదంటే, రక్తం పలచనయ్యే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. నాన్నగారు పసరు మందులేమైనా తాగారా?

కొత్తపేట కుర్రాడు:
మందు కాదక్కా, ఆరోగ్యానికి మంచిదని ఆరు నెలలు తిప్పతీగ చూర్ణం వేసుకున్నారు.

మైక్రోటోమ్ బాబాయ్:
అది బయాప్సీ ముక్కతో పాటు ల్యాబుకి పంపే ఫారంలో రాశారా? తిప్పతీగ వాడిన కొందరిలో ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ని (ఒంటి రక్షణ వ్యవస్థే లివర్ మీద దాడి చేసే జబ్బు) పోలిన దెబ్బ కనిపించిందని 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. మీ నాన్నగారిదీ అదేనని నేననట్లేదు. కానీ ఆ సంగతి తెలిస్తే పాథాలజిస్టు అవే స్లైడ్లని ఇంకో కన్నుతో చూస్తారు. ముందు చూర్ణం ఆపించు, డాక్టరుకీ చెప్పు.

కొత్తపేట కుర్రాడు:
రాయలేదు బాబాయ్, ఎవరూ అడగలేదు. డబ్బా ఇంకా వంటింట్లోనే ఉంది. రేపు పొద్దున్నే పట్టుకెళ్తున్నా.