అప్‌డేట్: డబ్ల్యూ క్రోమోజోమ్ అంత పెద్దగా ఎందుకుందో అర్థమైంది

పోయిన వారం అడిగాను కదా, బ్రెజిల్‌లో పియావుసు అని పిలిచే మెగాలెపోరినస్ చేపలో ఆడదాని డబ్ల్యూ క్రోమోజోమ్ జెడ్ కంటే పెద్దగా కనిపిస్తోంది (ఈ చేపల్లో ఆడా మగా తేడాని నిర్ణయించే క్రోమోజోములు ఇవే, మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ), మనుషుల్లో మగవాళ్లకుండే వై లాగా చిక్కిపోవాలి కదా, నా దగ్గరున్న ఫొటోనే తప్పా అని.

ఫొటో తప్పు కాదు. జవాబిచ్చిన మేడమ్ సీ-బ్యాండింగ్ (క్రోమోజోముల్లో గట్టిగా ముడుచుకున్న భాగాలు నల్లగా కనిపించేలా రంగు వేసే పద్ధతి) చేసిన ఫొటో వెతికి చూడమన్నారు, చూశాను. మొత్తం 54 క్రోమోజోముల్లో డబ్ల్యూని ఇట్టే గుర్తుపట్టొచ్చు, దాని పొడుగు భుజం దాదాపు అంతా సిరా పూసినట్టు నల్లగా ఉంది. అదంతా హెటెరోక్రోమాటిన్, మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్ఏ ముక్కలతో నిండిన భాగం.

నేను పొరబడింది ఎక్కడంటే, జెడ్, డబ్ల్యూల మధ్య రీకాంబినేషన్ (జత క్రోమోజోములు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకోవడం) ఆగిపోతే జన్యువులు పాడవుతాయన్నది సరే, కానీ అదే కారణంతో రిపీట్లను వదిలించుకునే దారి కూడా మూసుకుపోతుంది, అవి అలా పేరుకుపోతూ ఉంటే క్రోమోజోమ్ చిక్కే బదులు ఉబ్బుతుంది. జన్యువులు తగ్గడం వేరు, సైజు తగ్గడం వేరు!

చేపలన్నిటిలో ఇంతేనా అంటే, కాదు. జపాన్ మెడాకాలో మగదాన్ని నిర్ణయించే డీఎంవై జన్యువు 2002లోనే దొరికింది, అయినా దాని ఎక్స్, వై మైక్రోస్కోప్ కింద ఒకేలా ఉంటాయి. వైకి మాత్రమే ఉన్న భాగం సుమారు 2.5 లక్షల బేస్‌లే (డీఎన్ఏ అక్షరాలు).

సోమవారం సెమినార్‌లో రెండు చేపల ఫొటోలూ పక్కపక్కన పెడుతున్నాను. టెన్షన్ పోయింది, మేడమ్‌కి చాలా థాంక్స్.