అప్‌డేట్: 400 దాటిన మా బ్యాక్‌లాగ్ చివరికి తగ్గింది

జట్టు బ్యాక్‌లాగ్‌లో (చేయాల్సిన పనుల జాబితాలో) 400కు పైగా పనులు పేరుకుపోయాయి, ఏది ముందు చేయాలో తేలడం లేదని ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ఆరు నెలలుగా ఎవరూ ముట్టని పనులన్నీ మూసేయమన్న సూచనే మమ్మల్ని గట్టెక్కించింది. కారణం చెప్పి ఎవరైనా తిరిగి తెరవవచ్చన్నాం. గొడవవుతుందని నిజంగా భయపడ్డాను. తెరిచినవి 7 మాత్రమే! భద్రతా లోపాల పనులను మాత్రం మూసేయకుండా ముందే విడదీశాం, మీరూ అలాగే చేయండి.

తర్వాత, ఒకేసారి చేతిలో ఉండే పనులకు హద్దు పెట్టాం. లిటిల్ సూత్రం (నడుస్తున్న పనుల సంఖ్యను పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు సమయం వస్తుంది) చెప్పేది ఇదే: వారానికి 3 పూర్తయ్యే చోట 12 పనులు నడుస్తుంటే ఒక్కోదానికి సగటున 4 వారాలు. 6కు తగ్గించాం, వేగం తగ్గలేదు, ఇప్పుడు 2 వారాలే.

ఏది ముందో తేల్చడానికి పనులకు మార్కులు వేసే పట్టిక గానీ, కొత్త సాఫ్ట్‌వేర్ గానీ అవసరపడలేదు.