తక్కువ క్యాలరీల పథ్యంతో కండరాల్లోని కొవ్వు నిజంగా కరుగుతుందా?

కొలతబద్ద:
స్థూలకాయులు రోజుకు 800 క్యాలరీల పథ్యం చేస్తే ముందు కండరాల్లో కొవ్వు కరుగుతుందని, అందుకే షుగర్ దిగుతుందని ఇక్కడ పదేపదే రాస్తున్నారు. నేను ఒప్పుకోను. ముందు ఖాళీ అయ్యేది కాలేయం. 2011లో బ్రిటన్‌లోని న్యూకాసిల్‌లో 11 మంది టైప్ 2 మధుమేహులకు ఎనిమిది వారాలు రోజుకు 600 క్యాలరీలు ఇచ్చారు. పరగడుపు షుగర్ మొదటి వారంలోనే మామూలుకొచ్చింది. కాలేయంలో కొవ్వు 12.8 శాతం నుంచి 2.9కి పడిపోయింది. కండరాల ఇన్సులిన్ స్పందన, అంటే ఇన్సులిన్ మాట విని షుగర్‌ను లోపలికి తీసుకునే గుణం, మాత్రం పెద్దగా మారలేదు. 2005లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ బృందం 1,200 క్యాలరీలతో 8 కిలోలు తగ్గించినప్పుడూ కండర కణాల్లోని కొవ్వు కదల్లేదు.

పథ్యప్రియ:
అంకెలతో పేచీ లేదండీ. కానీ 8 కిలోలు తగ్గడమూ 40 కిలోలు తగ్గడమూ ఒకటేనా? 2002లో ఇటలీలో బిలియోప్యాంక్రియాటిక్ డైవర్షన్ అనే, పొట్ట తగ్గించి పేగుల దారి మళ్లించే ఆపరేషన్ చేయించుకున్న భారీకాయుల్లో కండరాల లోపలి కొవ్వు బాగా తగ్గింది, ఇన్సులిన్ స్పందనా తిరిగొచ్చింది. కాబట్టి కరగదనకండి, ఆలస్యంగా కరుగుతుందనండి.

కొలతబద్ద:
ఆ ఆపరేషన్ తర్వాత తిన్న కొవ్వులో చాలా భాగం ఒంటబట్టదు. దాన్ని పథ్యం ఖాతాలో వేయలేం.

స్పెక్ట్రో:
ఇద్దరూ కొలత సంగతి వదిలేశారు. ఎమ్మారై యంత్రంతోనే చేసే ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీ గ్రాఫులో కణం లోపలి కొవ్వు శిఖరం 1.3 పీపీఎం దగ్గర, కణాల మధ్య కొవ్వు శిఖరం 1.5 దగ్గర కనిపిస్తాయి (ఇవి గ్రాఫు మీద చోటు చెప్పే అంకెలు, కొవ్వు మోతాదు కాదు). మోకాలి కింద ముందువైపుండే టిబియాలిస్ కండరంలో పోగులు ఇంచుమించు ఒకే దిశలో ఉంటాయి కాబట్టి రెండు శిఖరాలూ విడిగా తెలుస్తాయి. పిక్కలోని సోలియస్‌లో పోగులు ఏటవాలు, శిఖరాలు కలిసిపోతాయి. బయాప్సీ చేస్తే, అంటే కండరం ముక్క తీసి పరీక్షిస్తే, కణాల బయటి కొవ్వును మైక్రోస్కోపు కింద ఒలిచేయాలి, పిసరు మిగిలినా లెక్క తప్పుతుంది.

ఇంకో చిక్కు: 72 గంటలు ఏమీ తినకపోతే సన్నటివాళ్లలో కూడా కండరాల్లో కొవ్వు పెరుగుతుంది. ఒంట్లోని కొవ్వు కరిగి రక్తంలోకి వస్తుంది, కండరం కాల్చగలిగిన దానికంటే ఎక్కువ లోపలికి లాక్కుంటుంది. అందుకే కఠిన పథ్యం నడుస్తుండగా తీసిన స్కాన్‌ను నేను నమ్మను. బరువు నిలకడగా రెండు మూడు వారాలు ఉన్నాకే కొలవాలి. ముందు రెండు మూడు రోజులు నూనె ఎక్కువున్న తిండి, బరువైన వ్యాయామం రెండూ మానాలి.

కొలతబద్ద:
అసలు మొత్తం ఎంతుందన్నదే తప్పు ప్రశ్న. దూరాలు పరుగెత్తేవాళ్ల కండరాల్లో మధుమేహులకున్నంత కొవ్వు ఉంటుంది, అయినా ఇన్సులిన్ చక్కగా పనిచేస్తుంది. వాళ్లు రోజూ దాన్ని వాడుకుంటారు, మళ్లీ నింపుకుంటారు. ఇన్సులిన్ సంకేతానికి అడ్డుపడతాయని ఎక్కువగా అనుమానిస్తున్నవి డైఎసైల్‌గ్లిసరాల్, సెరమైడ్ అనే కొన్ని రకాల కొవ్వు పదార్థాలు. 1999లో లండన్‌లో దక్షిణాసియా మగవాళ్ల సోలియస్‌లో కొవ్వు యూరోపియన్లకంటే ఎక్కువే ఉంది, కానీ దక్షిణాసియావాళ్లలో దానికీ ఇన్సులిన్ స్పందనకూ పొంతన కుదరలేదు. మనవాళ్లు స్కాన్ అంకె చూసి హడలిపోనక్కర్లేదు.

మీల్‌మేకర్ పక్షం:
పథ్యం చేసేవాళ్లకు పనికొచ్చేది చెప్తాను. తగ్గిన బరువులో దాదాపు పావు వంతు కొవ్వు కాదు, కండ కూడా అందులోనే పోతుంది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రి మజ్జిగ అంటే కొంప మునిగినట్టే, కండను కాపాడే ప్రొటీన్ అందదు. 30 గ్రాముల రాగిపిండిలో ప్రొటీన్ 2 గ్రాములే. 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 25 గ్రాములు, క్యాలరీలు దాదాపు 170. రెండు గుడ్లకు 12 గ్రాములు. నూనె రోజంతా రెండు టీస్పూన్లు, అదే 90 క్యాలరీలు. వారానికి రెండు మూడుసార్లు గుంజీలు, బరువులు తప్పనిసరి.

పథ్యప్రియ:
వ్యాయామం కలిపితే కండరంలో కొవ్వు తగ్గకపోవచ్చు, పెరగనూవచ్చు, అయినా ఇన్సులిన్ స్పందన మెరుగవుతుంది. ఇక్కడ కొలతబద్ద గారి మాట ఒప్పుకుంటున్నా.

మీల్‌మేకర్ పక్షం:
ఒక్కటి మరవకండి. గ్లిమెపిరైడ్, ఇన్సులిన్ మీదున్నవాళ్లు డోసు తగ్గించకుండా 800 క్యాలరీలకు దిగితే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. షుగర్‌ను మూత్రంలోకి పంపే డపాగ్లిఫ్లోజిన్ లాంటి మందులు వేసుకునేవాళ్లకు షుగర్ మామూలుగా ఉన్నా కీటోయాసిడోసిస్ (రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పేరుకుపోవడం) రావచ్చు. పథ్యం మొదలుపెట్టకముందే మందుల చీటీ డాక్టరుకు చూపించి మార్పించుకోండి.