పొలం బొమ్మను ‘ప్రకృతి దృశ్యం’ అనొచ్చా?

ల్యాండ్‌స్కేప్ పెయింటింగ్ కనబడితే చాలు, ‘ప్రకృతి దృశ్యం’ అని రాసేస్తున్నాం. కొండకో జలపాతానికో ఆ మాట బాగానే కుదురుతుంది. డచ్చి చిత్రకారుడు వాన్ గో 1888 జూన్‌లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ దగ్గర వేసిన కోతల బొమ్మకి అలా రాయడానికి మాత్రం నాకు మనసొప్పడం లేదు. లా క్రో మైదానం, దూరంగా నీలం కొండలు. అంతవరకూ సరే. మిగతాదంతా మనిషి చెయ్యి పడిన నేల: చేలు, దడి, నిచ్చెనలు, నట్టనడుమ నీలం బండి. పైగా ల్యాండ్‌స్కేప్ అనే మాట ఇంగ్లీషులోకి డచ్చి నుంచి వచ్చింది. అక్కడ దానికి ప్రాంతం, నేల అనే అర్థం. అందుకే నేను ‘చేల చిత్రం’ అంటాను.

పేరు సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లీషులో ఈ బొమ్మని ‘ద హార్వెస్ట్’ అంటారు, దాన్ని తెలుగులో ఏమనాలి? ‘పంట’ అంటే చేతికొచ్చేది, ఇక్కడ కనిపిస్తున్నది పని. ‘కోత’ అని ఒంటిగా రాస్తే కరెంటు కోత గుర్తొస్తుంది. ‘కోతలు’ అంటే హాయిగా ఉంటుంది. ‘ఊళ్లో కోతలు పడ్డాయి’ అంటాం చూడండి, అందులో కాలమూ ఉంది, పనీ ఉంది. వాన్ గో కూడా ఆ కోతల్లో కూలీలాగే ఎండలో నిలబడ్డాడు. పెద్ద వాన పడి పని ఆగేలోపు, వారం పైచిలుకులో పది చిత్రాలు వేశాడు.

ఇక ఆ పసుపు. మొదట చూస్తే అంతా ఒకటే అనిపిస్తుంది. మన మాటలు దగ్గర పెట్టుకుని చూడండి, విడివిడిగా కనిపిస్తుంది. కోతకొచ్చిన చేను ఒక పసుపు, కోసేసిన చోట కొయ్యకాళ్లు మరో పసుపు. ఎడమ పక్క నిచ్చెన ఆనించి ఉన్నదాన్ని చాలామంది గడ్డివాము అంటారు. నూర్చాక మిగిలిన గడ్డిని పేర్చితే వాము, నూర్చకముందు పనలను పేర్చితే కుప్ప. నేనైతే కుప్ప అనే అంటాను.

చదివినవారొకరి జవాబు: కొయ్యకాళ్లు! ఈ మాట విని ఎన్నాళ్లయిందో. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా వాటిలో నడిచి కాళ్లు గీరుకుపోయేవి. మా ఇంట్లో వాముని గడ్డిమేటు అనేవాళ్లండీ. కుప్పని కూడా మేటు అనొచ్చా?

నా జవాబు: గడ్డిమేటు గడ్డికే అండీ, గింజ లోపల ఉన్నంతకాలం కుప్పే. నాకూ ఒక అనుమానం ఉండి, రాత్రి మా అమ్మకి ఫోన్‌లో బొమ్మ చూపించాను. రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. “పక్క చేలో ఇంకా కోత అవుతోంది, అప్పుడే గడ్డెక్కడిది? కుప్పే. పైన ఏమీ కప్పలేదు, వాన వస్తే ఎట్లా?” అంది. ఆ తర్వాత చాలాసేపు నీలం బండి దగ్గరే ఆగిపోయింది. ఎడ్లు ఏవని అడిగింది.