కన్నడ అక్షరాల మీదుగా తెలుగు నేర్పొచ్చా?

ఆదివారం పంతులు
మాది బెంగళూరులో హొరమావు దగ్గర ఒక అపార్ట్‌మెంటు. రెండేళ్లుగా ఆదివారాలు పొద్దున పదింటికి కింద పార్టీ హాల్లో తెలుగు క్లాసు నడుపుతున్నాను. పద్నాలుగు మంది పిల్లలు, ఆరేళ్ల వాళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా, అందరూ ఒకే గదిలో. ఫీజు లేదు. ఎవరో ఒకరు అప్పుడప్పుడు పులిహోర తెస్తారు, అదే దక్షిణ.

పన్నెండేళ్ల పిల్లాణ్ణి కూర్చోబెట్టి అ, ఆ దిద్దించాలంటే వాడికి నామర్దా, నాకు నీరసం. అయితే 2015 నాటి చట్టం తర్వాత ఇక్కడ సీబీఎస్ఈ బళ్లలోనూ కన్నడం చెప్తున్నారు కదా, పెద్దపిల్లలందరికీ ఆ అక్షరాలు వచ్చు. అందుకని పోయిన నెల బోర్డు మీద ఎడమ పక్క కన్నడ అక్షరం, కుడి పక్క తెలుగు అక్షరం రాశాను. గంటలో పాతిక అక్షరాలు పట్టేశారు. చిన్నపిల్లలకి అంత మేర రావడానికి మూడు నెలలు పట్టింది.

ఇద్దరు తల్లులకి ఇది నచ్చలేదు. "తెలుగుని తెలుగులాగా నేర్పండి, అడ్డదారులొద్దు" అన్నారు. మీరేమంటారు?

మారతహళ్ళి నాన్న
నా ఓటు ఆ తల్లులకే. మా పాప అయిదో తరగతి. వేరేచోట ఇలాగే నేర్పారు. 'కీ' రాయమంటే 'కి' రాసి, పక్కన కన్నడ దీర్ఘాన్ని కొక్కెంలా తగిలిస్తుంది. సరే, తెలుగే కదా, మార్కులా ఏమన్నానా అని ఊరుకున్నాను. తర్వాత బళ్లో కన్నడ డిక్టేషన్‌లో అక్షరాల నెత్తిన తెలుగు తలకట్టు, అదే మన టిక్కు, పెట్టి వచ్చింది. ఇరవైకి పదకొండు. నోటుబుక్కంతా ఎర్ర ఇంకే. రెంటికీ చెడ్డ రేవడి అయింది నా కూతురు. ఆ ఎర్ర ఇంకు మీరు తుడవరు కదా పంతులుగారూ.

బంగారపేట అమ్మి
అన్నా, నేనొక మాట చెప్తా. మాది కోలారు పక్క. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో చదివింది అంతా కన్నడము. మాకు తెలుగు అక్షరం చెప్పేవాళ్లే లేరు. నేను ఎట్ల నేర్చుకున్నానంటే, తిరుమల కొండ మీద. అక్కడ బోర్డులు నాలుగైదు భాషల్లో ఉంటాయి కదా, క్యూలో గంటలు గంటలు నిలబడేదే పని. కన్నడములో ఉండేది చదువుకొని, తెలుగులో అదే మాట యాడుందో ఎతుక్కునేదాన్ని. గ, ద, డ, బ, ర అన్నీ చూస్తానే తెలిసిపోయినాయి. క, త, శ, హ మాత్రం శానా సతాయించినాయి. అది అడ్డదారి అంటే నాకు అదొక్కటే దారి.

ఇంకోటి. మా అమ్మాయిని ఒక క్లాసుకు పంపిస్తే, "ఉండాది" అనిందని, అది తప్పు, "ఉంది" అనల్ల అని అందరి ముందర దిద్దినారంట. మళ్లా ఆ పక్కకే పోలేదు అది. లిపి సంగతి తర్వాత చూద్దురు, ముందు పిల్లోళ్ల ఇంటి మాటను తప్పనద్దండి.

రిటైర్డు మాస్టారు
రెండు లిపులూ ఒకే తెలుగు-కన్నడ లిపి చీలి ఏర్పడినవే. అచ్చు పనిముట్లు వచ్చాక తేడాలు గట్టిపడ్డాయి. కాబట్టి పోలిక చూపడం తప్పు కాదు, పోలిక దగ్గరే ఆగిపోవడం తప్పు. నాన్నగారి పాప ఇబ్బంది అక్కడే ఉంది. పక్కపక్కన చూపినవాళ్లు, ఎక్కడ వేరో చెప్పలేదన్నమాట.

ఒక ఉదాహరణ. కన్నడంలో 'ధర్మ' రాస్తే రకారం చివరికి పోయి తొమ్మిదంకెలా నిలబడుతుంది. వాళ్లు దాన్ని అర్కావత్తు అంటారు. పిల్లలు తెలుగులోనూ అలాగే రాస్తే కొట్టేసే ముందు ఒక్క క్షణం ఆగండి. మన పాత అచ్చు పుస్తకాల్లో వలపలగిలక సరిగ్గా అదే: ధమ౯ము, సవ౯ము. మనం వదిలేశాం, వాళ్లు ఉంచుకున్నారు. ఈ సంగతి చెబితే పిల్లలు ఇక మరిచిపోరు, "మా తాతల రాత" అని మురిసిపోతారు కూడా.

మాటల్లో ఇంకా రుచి ఉంది. మాట మొదట మన ప వాళ్లకి హ అవుతుంది. పాలు హాలు, పులి హులి, పండు హణ్ణు, పువ్వు హూవు. హళగన్నడంలో, అంటే పాత కన్నడంలో, పులి పులే. నాన్నగారూ, మీ మారతహళ్ళిలోని హళ్ళి మన పల్లే. ఒక పిల్లవాడికి ఈ సూత్రం చెప్పి వదిలితే, వారంలో పది మాటలు వాడే పట్టుకొచ్చాడు. రెండు తప్పు, ఎనిమిది ఒప్పు.

ఈ వంతెన ఆగిపోయే చోటు చ, జ. చలి, చుక్క, జున్నులో దంత్యం, అంటే నాలుక పళ్ల దగ్గర పలికేది. చెట్టు, చేప, జింకలో తాలవ్యం, అంటే అంగిలి దగ్గర పలికేది. కన్నడంలో ఈ తేడా లేదు, రాతలో మనమూ ఇప్పుడు చూపడం లేదు. అది చెవితోనే రావాలి.

విజయవాడ కోడలు
నేను ప్రైమరీ టీచర్ని. అందరూ లిపి దగ్గరే కొట్టుకుంటున్నారు, మా ఇంట్లో అసలు నోరే పెగలదు. మావాడు మొన్న "హోంవర్క్ మాడేశాను" అన్నాడు. "స్టవ్ మీద పెట్టావేంట్రా?" అన్నాను. వాడి మాడు కన్నడ మాడు, చేయడం అని. అమ్మమ్మ ఇంకో ముద్ద పెట్టబోతే "సాకు" అన్నాడట, చాలు అనుకుని. ఆవిడ "సాకులు చెప్పకు, తిను" అని ఇంకా వడ్డించింది.

పంతులుగారూ, మొదటి రెండు నెలలు పుస్తకం తీయకండి. కథ చెప్పండి, ఉప్పూపప్పుల కొట్టు ఆట పెట్టించి బేరమాడించండి. అక్షరం తర్వాత.

ఆదివారం పంతులు
అమ్మా, అది చేసి చూశాను. పిల్లలకి పండగే. నెల తిరిగేసరికి తల్లిదండ్రులే వచ్చి "నోటుబుక్కులో ఏమీ లేదేంటి?" అన్నారు. నోటితో నేర్పిన చదువుకి రుజువు చూపించలేం, అదే తంటా.

మాస్టారి మాట పట్టుకుని ఈ ఆదివారం ఒక మార్పు చేశాను. పెద్దపిల్లలు కన్నడం పక్కన పెట్టుకుని చదవడం వరకే. రాత మాత్రం వేరే పుస్తకం, అందులో కన్నడ అక్షరం కనపడకూడదు. ముందు తలకట్టు, గుడిదీర్ఘం, ఏత్వం. తేడా బాగా వచ్చేవి ఇవి కాబట్టి వీటినే దిద్దిస్తున్నాను. చిన్నపిల్లలకి ఈ పోలికే లేదు. వాళ్లకి కన్నడమూ ఇంకా కుదురుకోలేదు, రెండు పడవలెందుకు?

అమ్మీ, "ఉండాది" సంగతి నాకు చురుక్కుమంది. నేనూ దిద్దినవాణ్ణే. మా క్లాసులో కడప పిల్లలున్నారు, వరంగల్ పిల్లలున్నారు. పోయిన వారం నుంచి "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అని అడిగి అన్నీ బోర్డు మీద రాస్తున్నాను.

మారతహళ్ళి నాన్న
పల్లె సంగతి బాగుంది మాస్టారూ, పాపకి చెప్పాను. కానీ మిగతాది ఒప్పుకోను. చదివేటప్పుడు రెండూ కలిపి, రాసేటప్పుడు విడదీయమంటే పదేళ్ల పిల్లకి కుదిరేదేనా? ఉగాది అయ్యాక మీ పెద్దపిల్లలకి రెండు డిక్టేషన్లు పెట్టండి, ఒకటి తెలుగు, ఒకటి కన్నడం. పేపర్లు ఫొటో తీసి ఇక్కడే పెట్టండి.

ఆదివారం పంతులు
పెడతాను. కన్నడం దిద్దడానికి మాత్రం బంగారపేట అమ్మి రావాలి. నా కన్నడం ఆటో బేరాల వరకే.

బంగారపేట అమ్మి
వస్తా అన్నా. ఎర్ర ఇంకు మాత్రం వద్దు.