కొత్త ఇంట్లో ఆఫీస్ గది: నాలుగు గోడలూ ముదురు రంగా, ఒక్క గోడేనా? సీలింగ్ సంగతేంటి?

బాలసముద్రం_కొత్తిల్లు:
హన్మకొండలో ఇల్లు పూర్తి కావొస్తోంది. పై అంతస్తులో, స్లాబ్ కిందే, 10×12 అడుగుల గది ఆఫీసుకు అనుకున్నాం. ఎత్తు 10 అడుగులు, పడమటి గోడకు 4×4 కిటికీ, తూర్పున తలుపు. ప్లాస్టరింగ్ అయి నెలన్నర, లప్పం ఇంకా పెట్టలేదు. కింద తెల్లగా మెరిసే విట్రిఫైడ్ టైల్స్. గది నీడగా, గంభీరంగా ఉండాలని కోరిక. బొగ్గు రంగో ముదురు ఆకుపచ్చో, టేకు బల్ల, పసుపు వెలుతురు. రోజంతా స్క్రీన్ ముందు పని, అందులో సగం వీడియో కాల్స్. ఇంటీరియర్ వాళ్లు నాలుగు గోడలూ సీలింగూ ఒకటే రంగులో ముంచమంటున్నారు, పైగా సీలింగ్ అంచున దాగి పైకి వెలిగే కోవ్ లైట్ గీసిచ్చారు. పెయింట్ మేస్త్రి ఒక్క గోడ చాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?

రోలర్_దెబ్బ:
ఒక్క గోడ ముచ్చట వద్దన్నా. మూడు గోడలు తెల్లగ ఉంచి ఒకటి నల్లగ చేస్తే గది చీకటిగ అనిపియ్యదు, ఆ గోడ అతికిచ్చినట్టు కనవడతది. తెల్ల గోడ మీద పడ్డ వెలుతురు 80 శాతం దాక మల్ల గదిలకే వస్తది. బొగ్గు రంగు గోడ 10 శాతం కూడ తిరిగియ్యదు. అంటే నల్ల గోడ ఎంత మింగినా పక్క మూడు గోడలు వెలుతురు కక్కుతనే ఉంటయ్. ఏస్తే నాలుగూ ఎయ్యాలె, లేకుంటే ఇడిసిపెట్టాలె.

మేస్త్రి ఒక్క గోడ ఎందుకంటున్నడో నాకు ఎరుకే. ముదురు రంగుల పనితనం దాగదు. లేత రంగు కింద లప్పం అలలు, ఎమ్రీ గీతలు కనవడయ్, ముదురు రంగు కింద అన్నీ లేస్తయ్. గావట్టి లప్పం రెండు చేతులు పెట్టిచ్చి, ముందు 180 నంబర్, తర్వాత 320 నంబర్ ఎమ్రీ కొట్టియ్యాలె. రాత్రి లైట్లు ఆర్పి టార్చ్ గోడకు ఆనిచ్చి పక్కనుంచి కొట్టి చూడండి. గుంతలు ఎక్కడ నీడ పడతయో అక్కడ పెన్సిల్‌తోని గుర్తు పెట్టి మల్ల లప్పం తాకియ్యాలె. ప్రైమర్ తెల్లది కాదు, బూడిద రంగు కలిపింది కావాలె. తెల్ల ప్రైమర్ మీద మూడో కోటుకు కూడ లోపలి తెలుపు తొంగిచూస్తది.

ఇంకొకటి. తెల్ల డబ్బల స్టెయినర్ ట్యూబులు పిండి ముదురు రంగు చేస్త అని ఎవరన్న అంటే ఒప్పుకోవద్దు. తెల్ల బేస్‌ల ఎంత పోసినా బూడిదే అయితది, బొగ్గు కాదు. డార్క్ బేస్ డబ్బ తీస్కొని షాపుల మిషన్ మీదనే కలిపియ్యాలె.

నయీంనగర్_చెమ్మ:
అన్నా, నెలన్నర ప్లాస్టరింగ్ మీద ముదురు రంగు గురించి మాట్లాడటమే తొందర. 28 రోజులంటారు గానీ అది సిమెంట్ గట్టిపడే లెక్క, గోడ ఆరే లెక్క కాదు. తడిపిన నీళ్లు ఇటుకలోంచి బయటికి రావాలి. వచ్చేటప్పుడు ఉప్పును మోసుకొస్తాయి. లేత రంగు మీద ఆ తెల్ల పొడి ఎవరికీ కనిపించదు, బొగ్గు రంగు మీద ముగ్గు చల్లినట్టే. పైగా తాజా సిమెంట్ గోడలో క్షారం ఎక్కువ. కొన్ని రంగులను అది పాలిపోయేలా చేస్తుంది, మచ్చలు మచ్చలుగా.

చూసుకోవడం తేలికే. అడుగు చదరం పాలిథీన్ ముక్కను గోడకు పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు వదలండి. లోపలి వైపు చెమట పట్టినా, గోడ నల్లబడినా ఇంకా ఆగాలి. బాత్రూమ్ పంచుకునే గోడకైతే కింది మూడు అడుగుల్లో తప్పకుండా చూడాలి. ఆరిన తర్వాత క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ వేయించండి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోతే మేలు.

సుబేదారి_లక్స్:
గోడల గొడవ మీరు తేల్చుకోండి. నా తగాదా ఇంటీరియర్ వాళ్ల డ్రాయింగ్‌తో. కోవ్ లైట్ పెట్టి సీలింగ్‌కు బొగ్గు రంగు వేయమన్నవాళ్లు ఒక సంగతి ఆలోచించలేదు. కోవ్ అంటే వెలుతురును సీలింగ్‌కు కొట్టి కిందికి దించుకోవడం. అక్కడ 8 శాతం తిరిగిచ్చే రంగు ఉంటే మిగతా 92 శాతం కరెంట్ బిల్లుకే. పైగా కొంచెం మెరుపు ఉన్న రంగైతే ఎల్‌ఈడీ స్ట్రిప్‌లోని ఒక్కో చుక్క సీలింగ్‌లో ప్రతిబింబిస్తుంది. కోవ్ కావాలంటే సీలింగ్ లేత రంగు. ముదురు సీలింగే కావాలంటే కోవ్ తీసేయాలి. రెండూ కుదరవు.

లెక్క చూడండి. గది 11 చదరపు మీటర్లు. ల్యూమెన్ అంటే లైట్ ఇచ్చే వెలుతురు కొలత, లక్స్ అంటే చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు. గదంతా 100 లక్స్ మసక వెలుతురు కావాలంటే నేల దాకా 1100 ల్యూమెన్లు చేరాలి. లేత గోడల గదిలో 1900 ల్యూమెన్ల లైట్లు సరిపోతాయి, అన్నీ ముదురైతే దాదాపు 3000 పెట్టాలి. బల్ల సంగతి వేరు. లైటింగ్‌కు భారత ప్రమాణం ఐఎస్ 3646 ప్రకారం ఆఫీస్ పనికి 300 నుంచి 750 లక్స్. 5×2.5 అడుగుల బల్ల మీద 500 లక్స్ పడాలంటే బల్ల దాకా 600 ల్యూమెన్లకు దగ్గరగా చేరాలి, అంటే 800 నుంచి 1000 ల్యూమెన్ల టేబుల్ ల్యాంపు. ఈ గది చీకటిగా కనిపించాలి గానీ బల్ల మీద చీకటి ఉండకూడదు.

ప్లాస్టరింగ్ అయిపోయింది కాబట్టి గోడలు మళ్లీ కొట్టకండి. నల్ల సీలింగ్ మీద నల్ల ట్రాక్, అంటే లైట్ తలలు తగిలించే పట్టీ, కనిపించదు. ఫ్యాన్ పాయింట్ పక్కనుంచి వైరు లాగి 6 అడుగుల ట్రాక్, 7 వాట్ల తలలు నాలుగు, వెలుతురు పరుచుకునే కోణం రెండింటికి 24 డిగ్రీలు, రెండింటికి 36 డిగ్రీలు, 3000 కెల్విన్ (పసుపు వెలుతురు), సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90. డిమ్మర్ కావాలంటే ఎల్‌ఈడీకి కరెంట్ ఇచ్చే డ్రైవర్ మీద డిమ్మబుల్ అని రాసి ఉందో లేదో చూసి, దానికి సరిపోయే డిమ్మరే కొనాలి. మామూలు ఫ్యాన్ రెగ్యులేటర్‌కు ఎల్‌ఈడీ తగిలిస్తే వణుకుతుంది.

ఫ్యాన్ మర్చిపోవద్దు. 48 అంగుళాల ఫ్యాన్ రెక్కల పైన లైట్ పడితే గదంతా నీడలు తిరుగుతాయి, ముదురు గదిలో తల నొప్పి పుట్టిస్తుంది. రెక్క చివర నుంచి కనీసం అడుగు దూరం. అట్లని గోడకు ఆరు అంగుళాల్లో పెడితే రోలర్ అన్న చెప్పిన లప్పం అలలన్నీ బయటపడతాయి. గోడకు ఒకటిన్నర నుంచి రెండు అడుగుల మధ్య పెట్టండి.

ఎండదెబ్బ:
మీరంతా లైట్ల లెక్కలేస్తున్నరు. మే నెలల 44 డిగ్రీలు, పైన స్లాబు, పడమటి కిటికీ. గసొంటి గదిని నల్లగ చేస్తే బట్టీ అయితది. ఒక్క గోడ కూడ వద్దు, తెల్లగనే ఉంచుండ్రి.

సుబేదారి_లక్స్:
నలుపు వేడెక్కేది ఎండ తగిలితే. అది బయటి గోడకు, స్లాబుకు వర్తిస్తుంది. లోపలి గోడకు తగిలేది కిటికీలోంచి వచ్చిన ఎండే. మే సాయంత్రం 4×4 మామూలు గాజులోంచి 700 వాట్లకు దగ్గరగా లోపలికి వస్తుంది. గోడ తెల్లదైతే అందులో కొంత మళ్లీ గాజులోంచి బయటికి పోతుంది, మిగతాది ఏ రంగైనా గదిలోనే ఉండిపోతుంది. కాబట్టి పోట్లాట రంగుతో కాదు, కిటికీతో. లోపల వేసే బ్లాక్‌అవుట్ కర్టెన్ వెలుతురు ఆపుతుంది గానీ వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసింది. బయట తడక గానీ, బయటి నుంచి దించే చిక్ (వెదురు తెర) గానీ కావాలి. పడమటి ఎండ కిందకు వాలి వస్తుంది కాబట్టి సజ్జ పనికిరాదు. మనం 18 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాం. జూన్‌లో సూర్యుడు నేరు పడమర కంటే 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు. కిటికీకి ఉత్తరపు అంచున ఒక నిలువు అడ్డం పెడితే వేసవి ఎండ కొంత తగ్గుతుంది.

ఎండదెబ్బ:
సరే, స్లాబ్ సంగతి? అది రంగుతోని తగ్గుతదా?

సుబేదారి_లక్స్:
తగ్గుతుంది. స్లాబ్ పైన తెల్ల కూల్ రూఫ్ పూత వేయించండి, రాష్ట్రం 2023లో దాని కోసం పాలసీయే తెచ్చింది. నల్ల సీలింగ్ వేసుకున్నా ఇబ్బంది లేదు, పైన తెల్లగా ఉంటే చాలు.

చెక్కపొడి:
బల్ల ఎటు పెడుతున్నారో ఎవరూ అడగలేదు. ఉత్తరపు గోడకు ఆనించి ఉత్తర ముఖంగా కూర్చోండి. కిటికీ ఎడమ చేతి వైపు వస్తుంది, కుడిచేతి వాటం వాళ్లకు రాతకు నీడ పడదు. వేసవి సాయంత్రం ఎండ వాయవ్యం నుంచి వస్తుంది కాబట్టి స్క్రీన్ ముఖాన పడదు. చలికాలంలో నైరుతి నుంచి వస్తుంది, అప్పుడు చిక్ దించుకోవాల్సిందే. వాస్తు చూసే పెద్దలకు కూడా ఉత్తర ముఖం నచ్చుతుంది, నలుపు రంగు మీద గొడవ కాస్త చల్లారుతుంది. ముదురు ఆకుపచ్చ అంటే అసలు గొడవే రాదు.

టేకుకు వాల్‌నట్ స్టెయిన్ కొట్టి, పైన మ్యాట్ పీయూ పాలిష్ వేయించండి. గ్లాసీ పాలిష్ చేస్తే ట్రాక్ లైట్లు నాలుగూ బల్లలో కనిపిస్తాయి. బల్ల పైభాగం గోడ కంటే ఒకటి రెండు మెట్లు లేతగా ఉండాలి. కళ్లు స్క్రీన్ నుంచి బల్లకు, బల్ల నుంచి గోడకు తిరుగుతుంటాయి. ఆ మూడింటి వెలుగులో తేడా మరీ ఎక్కువైతే సాయంత్రానికి అలసిపోతాయి. అరలకు నల్ల లామినేట్ అనుకుంటే వేలిముద్రలు అంటని సూపర్ మ్యాట్ రకం అడగండి. కానీ దుమ్ము అన్నిటి మీదా కనిపిస్తుంది, అది ఒప్పుకునే దిగాలి. అడ్డు పలకలు తక్కువ, తలుపులున్న అరలు ఎక్కువ ఉంటే తుడిచే పని తగ్గుతుంది.

కాల్_మీటింగ్:
వీడియో కాల్స్ గురించి ఒక మాట. వెనక గోడ ముదురుగా ఉంటే ల్యాప్‌టాప్ కెమెరా మొత్తం ఫ్రేమ్ చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది, మొహం తెల్లగా మండిపోతుంది. టేబుల్ ల్యాంపు మొహానికి 45 డిగ్రీల పక్కన, కళ్ల ఎత్తు కంటే కొంచెం పైన ఉండాలి, దాని ముందు పాలరంగు డిఫ్యూజర్. కుర్చీ వెనక, అంటే దక్షిణపు గోడ మీద, ఒక చిన్న వెలుగు ఉండాలి. లేకపోతే నల్ల జుట్టు నల్ల గోడలో కలిసిపోతుంది. పెంబర్తి ఇత్తడి పలక ఒకటి పెట్టి, దానికి 24 డిగ్రీల తల ఒకటి తిప్పండి. నిర్మల్ పెయింటింగ్‌లు కూడా ముదురు నేపథ్యం మీద బంగారు రంగులే కాబట్టి ఈ గదిలో ఒదిగిపోతాయి. లైట్ నిలువు నుంచి 30 డిగ్రీల వాలులో పడాలి, నేరుగా ఎదురుగా కొడితే వార్నిష్ మెరుపు కెమెరాలోకి వస్తుంది.

మానిటర్ వెనక స్ట్రిప్ పెట్టుకోండి, కళ్లకు హాయిగా ఉంటుంది. అది మాత్రం 3000 కాదు, 6500 కెల్విన్ తెల్ల వెలుతురు. స్క్రీన్ తెలుపుకు అదే దగ్గర. స్క్రీన్ వెలుగులో పదో వంతు చాలు.

రోలర్_దెబ్బ:
కింద తెల్ల టైల్స్ సంగతి మరిచిన్రు. నాలుగు గోడలు నల్లగ చేసినా నేల తళతళ మెరిస్తే ఏం లాభం. టైల్స్ పీకే పనిలేదు, వరంగల్ కొత్తవాడ దర్రీ 6×9 అడుగులది ఎయ్యండి. 120 చదరపు అడుగుల నేలల 54 కప్పుతది, బల్ల కింద మెరుపు పోతది, కుర్చీ చప్పుడు కూడ తగ్గుతది. 2018ల దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు గూడ అచ్చింది.

బాలసముద్రం_కొత్తిల్లు:
సీలింగ్ మీద ఒక మాటకు రాలేదు మీరు. లక్స్ గారు కోవ్ తీసేస్తే ముదురు సీలింగ్ పర్వాలేదన్నారు. రోలర్ అన్న ఏమంటారు? పెయింట్ ఎన్ని లీటర్లు పడుతుంది?

రోలర్_దెబ్బ:
నేనైతే సీలింగ్ గూడ ముంచుత. గోడది ఒక రంగు, సీలింగ్‌ది ఇంకో రంగు అయితే కన్ను ఆ గీతను పట్టుకుంటది, 10 అడుగుల ఎత్తు ఎంతో లెక్కపెడతది. ఒకటే రంగైతే మూల ఎక్కడుందో తెల్వదు.

తలుపు, కిటికీ తీసేస్తే గోడలు 400 చదరపు అడుగులు, సీలింగ్ 120. ముదురు రంగు మూడు కోట్లు కలిపి లీటరుకు 80–85 చదరపు అడుగులు. గోడలకే అయితే 5 లీటర్లు, సీలింగ్ కలిస్తే 7 తెచ్చుకోండి. డబ్బలన్నీ ఒక బకెట్ల పోసి కలిపినంకనే రోలర్ ముంచాలె, రెండు డబ్బల మధ్య చిన్న తేడా కూడ గోడ నడుమ కనవడతది. మ్యాట్ తీస్కోండి, కానీ కుర్చీ వీపు రాసుకునే చోట మెరుపు పడతది, ఆ గోడకు కుర్చీ దూరంగ పెట్టండి. ఎండాకాలం ఏస్తే ఫ్యాన్ బంద్ చేసి, కిటికీ మూసి, గోడ ఒక మూల నుంచి ఇంకో మూల దాక ఆగకుండ కొట్టాలె. నడుమ చాయ్‌కు పోయి అస్తే అంచు ఆరి గీత పడతది. తర్వాత అక్కడక్కడ టచ్‌అప్ చేస్త అంటే కుదరదు, చేస్తే మూల నుంచి మూలకు గోడ మొత్తం మల్ల కొట్టుడే. అయిపోయినంక మూడు నాలుగు వారాలు తడి బట్టతోని తుడవొద్దు, రంగు బట్టకు అంటుతది. అప్పటిదాక అల్మరాలు గోడకు ఆనియ్యకండి.

ఎండదెబ్బ:
నేనింకా తెల్ల సీలింగే అంట. కరెంట్ పోతే ఇన్వర్టర్ మీద ఒక్క లైట్ ఎలిగినా తెల్ల సీలింగ్ గదంతా పంచుతది. నల్ల సీలింగ్ అయితే ఆ ఒక్క లైట్ కింద మాత్రమే కనవడతది.

సుబేదారి_లక్స్:
అది న్యాయమైన మాటే. ముదురు సీలింగ్ వేసేటట్టైతే ట్రాక్‌నూ బల్ల సాకెట్‌నూ రెంటినీ ఇన్వర్టర్ లైన్ మీదకు తేవాలి. నాలుగు తలలు కలిపి 28 వాట్లే కాబట్టి భారం కాదు. ఏసీ, ప్రింటర్ మాత్రం వేరే లైన్.

చెక్కపొడి:
రంగు కొనే ముందు 2×2 అడుగుల ప్లై ముక్క మీద రెండు కోట్లు వేసి గదిలో పెట్టండి. మధ్యాహ్నం 3 గంటలకు, రాత్రి 3000 కెల్విన్ లైట్ కింద విడివిడిగా చూడాలి. నీలి ఛాయ ఉన్న బొగ్గు రంగు పసుపు లైట్‌లో మురికి బూడిదగా తిరుగుతుంది. షాపు ట్యూబ్‌లైట్ కింద అది తెలియదు.

బాలసముద్రం_కొత్తిల్లు:
ఇంటీరియర్ వాళ్లకు కోవ్ తీసేయమని చెప్పేశాను. ఆకుపచ్చ ఖాయం. స్విచ్ ప్లేట్లు తెల్లవి తెచ్చి పెట్టారు, అవి మార్చాలా?

సుబేదారి_లక్స్:
ప్లేట్లు మార్చండి, లోపలి స్విచ్ మాడ్యూల్స్ కూడా అదే కంపెనీవి బూడిద రంగులో దొరుకుతాయి. ఏసీ తెల్ల డబ్బాను తలుపు పైన, తూర్పు గోడకు వేయించండి. కెమెరా దక్షిణపు గోడ వైపు చూస్తుంది కాబట్టి ఫ్రేమ్‌లోకి రాదు. దాని కోసం 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని వైరు ఆ పాయింట్ దాకా ఉందో లేదో లప్పం పెట్టకముందే లాగి చూసుకోండి.